ఇసుకపలక మొదలు అగ్గిపుల్ల వరకు



ముందుగా మా యింట జరిగిన చిన్న సంగతి నొకదానిని మనవి చేసి, పిమ్మట చరిత్రలోనికి పోయెదను. మా మనుమడు నాలుగవ తరగతి చదువుచున్నాడు. కడచిన యేడు వాని బడిలో, పారవేసిన వస్తువులతో క్రొత్త వస్తువులు చేయు ప్రదర్శన మొకటి యేర్పాటు చేసిరి. ఉద్దేశము మంచిదే. కాని మఱునాడు వాని తండ్రి పట్టణమునకు పోయి రంగుకాగితములు, జిగురుసీసా, మెఱుపుపొడి, థర్మోకోల్ పలక కొని తెచ్చెను. అలంకారములకు వాడు థర్మోకోలును ప్రభుత్వమువారు 2022 జూలై 1వ తేదీనుండి నిషేధించి యున్నారను సంగతి అంగడివానికిని తెలియదు, మాకును తెలియదు. అవియు చాలక, ఖాళీసీసాలు కావలెనని శీతలపానీయపు సీసాలు నాలుగు కొని, అందలి పానీయమును పెరటిలో పారబోసిరి. రాత్రి పదిగంటలదాక తల్లిదండ్రులు కూర్చుండి రాకెట్టు నొకదానిని తయారుచేసిరి. పిల్లవాడు నిద్రపోయెను. రాకెట్టునకు రెండవ బహుమానము వచ్చినది. పదిదినములైన పిమ్మట అది బడి వెనుక కుప్పలో పడియుండుట నేను కన్నులార చూచితిని.

పిల్లవానికి నేర్పదలచినది వస్తువును వృథా చేయరాదనుట. వాడు నేర్చుకొన్నది వృథా చేసినను బహుమానము వచ్చుననుట. ఉపాధ్యాయులను గాని, మా అబ్బాయిని గాని నిందించి ప్రయోజనము లేదు. పాతవస్తువు పిల్లవాని చదువులోనికి ఏ వాకిట ప్రవేశింపవలెనో మన మందఱమును మఱచితిమి. ఆ వాకిలి ఒకప్పుడు మన వీధిబడిలోనే తెఱచియుండెను. అది యెట్లు మూసికొనిపోయెనో, మరల ఎవరెవరు తట్టి తెఱచిరో, ఆ కథ కొంత చెప్పుటకే నేడు మీ ముందునకు వచ్చితిని.

అక్షరాభ్యాసమునాడు పళ్ళెములో బియ్యము పోసి పిల్లవానిచేత దిద్దించుట నేటికిని మన యిండ్ల నున్నది. వెనుక అది ఒకనాటి వేడుక కాదు. బియ్యమునకు మాఱుగా ఇసుక, పళ్ళెమునకు మాఱుగా నేల, అంతే భేదము. నెలల తరబడి వ్రేలితో ఇసుకలో ఓనమాలు దిద్దిన తరువాతనే పిల్లవాని చేతికి వేఱొక సాధనము వచ్చెడిది.

ఇది పెద్దల నోట విన్న ముచ్చట మాత్రమే కాదు. దొరతనమువారి కాగితములలో నున్నది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, దేశీయపాఠశాలల లెక్క తీసి పంపుడని కలెక్టరుల కుత్తరు విచ్చెను. మఱుసటి సంవత్సరము ఆగస్టు 17వ తేదీని బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ పంపిన నివేదిక వానిలో మిక్కిలి ప్రసిద్ధము. ఈ క్యాంబెల్ మనకు పరాయివాడు కాడు. 1816లోనే తెలుగు వ్యాకరణము నొకదానిని ఇంగ్లీషున అచ్చు వేయించినవాడు. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతము చేరియుండెను. అనంతపురము వేఱు జిల్లా యైనది 1882లో. ఆయన లెక్కకు వచ్చిన బడులు 533, చదువుకొను పిల్లలు 6,641 మంది. బడులలో 235 కన్నడపువి, 226 తెలుగువి.

క్యాంబెల్ బడిలోని సామగ్రిని గూర్చి వ్రాసిన భాగము మనకిప్పుడు ముఖ్యము. పిల్లవాడు మొదట ఇసుకలో వ్రేలితో వ్రాయును. తరువాత తాటాకుమీద గంటముతో గాని, కాగితముమీద రెల్లుకలముతో గాని వ్రాయును. ఇవి కాక, నేటి పలకవంటి సాధనములు రెండు విధములుగా నుండెడివి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చదునైన చెక్కకు అన్నమును, బొగ్గుపొడిని పూసినచో నది యొక పలక. రెండవది కడితము. గుడ్డకు గంజి పెట్టి గట్టిపఱచి, పుస్తకమువలె మడతలు పెట్టి, దానిపై బొగ్గును, బంకలను కలిపిన పూత పూయుదురు. ఈ రెంటిమీదను బలపముతో వ్రాయుదురు. తడిగుడ్డతో తుడిచిన మరల శుభ్రము. మన తాతముత్తాతలు పద్దులు వ్రాసికొన్న కడితము లిట్టివే. కొన్ని యెడల ఆ పూతకు చింతగింజల బంకను వాడెడివారు.

ఒక్క క్షణ మాలోచింపుడు. గుడ్డ, గంజి, పొయ్యిలోని బొగ్గు, చింతపండు తీసివేసిన పిమ్మట మిగిలిన గింజ. ఇవి యన్నియు వంటింటి వాకిట దొరకునవి. వానితో నొక పుస్తకము తయారైనది. ఆ పుస్తకము నిండదు, చెరిపికొన్నకొలది క్రొత్తదగును. ఆ బడిలో చెత్తను గూర్చిన పాఠము లేదు. చెప్పుటకు చెత్తయే లేదు. ఇంత తక్కువ వ్యయముతో పిల్లలకు వ్రాత నేర్పుటయు, ముందు చదివిన పిల్లలచేత వెనుకటివారికి చెప్పించుటయు మెచ్చదగినవనియు, ఇంగ్లండువారు దీని ననుకరించుట న్యాయమే యనియు క్యాంబెల్ అభిప్రాయపడెను.

ఇంగ్లండువా రనుకరించిన కథ కూడ మద్రాసుననే పుట్టినది. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర శరణాలయమునకు పెద్ద యయ్యెను. ఒకనాడు దేశీయపు బడి యొకదానిలో పిల్లలు నేలపై ఇసుకలో వ్రాయుచుండగా చూచి, తన శాలలోను అట్లు చేయుడని ఉపాధ్యాయులకు చెప్పెను. వారికది చిన్నతన మనిపించినది, చేయలేదు. అంతట బెల్ ఉపాధ్యాయులను ప్రక్కన నుంచి, ఫ్రిస్కెన్ అను విద్యార్థికే అక్షరముల తరగతి నప్పగించెను. పెద్దలు కాదన్న పనిని బాలుడు చేసి చూపెను. బెల్ స్వదేశమునకు తిరిగిపోయి 1797లో ఈ ప్రయోగమును గూర్చి చిన్న పుస్తకము ప్రకటించెను. లండనులో జోసెఫ్ లాంకాస్టరు బడిలోను ఇసుకబల్లలు వచ్చినవి. అక్కడ వందలకొలది బీదపిల్లలు మన ఇసుకలోనే ఏ, బీ, సీలు దిద్దిరి.

పాతకాల మంతయు బంగారమని నేను చెప్పబోవుట లేదు. ఆ క్యాంబెలే, పిల్లలు పద్యములు కంఠస్థము చేసి చిలుకలవలె వల్లింతురే గాని అర్థ మెఱుగరని నిర్మొగమాటముగా వ్రాసెను. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అఱువదిమంది మాత్రమే. బీదఱికముచే పిల్లలను బడికి పంపలేని తల్లిదండ్రులు నానాటికి హెచ్చుచున్నారనియు ఆయన వాపోయెను. వీధిబడిలో వస్తువు వృథా కాలేదు గాని, ఎందఱో పిల్లల బుద్ధి వృథా యైనది. చేయి చేయునది మనస్సునకు తెలియవలెనను ఆలోచన ఆ బడిలో కొఱవడెను.

ఆ ఆలోచనను ఐరోపాలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అను జర్మనీ ఉపాధ్యాయుడు పట్టుదలతో సాధించెను. 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న పట్టణమున పసిపిల్లలకు బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లలతోట, అని పేరు పెట్టెను. ఉన్నిబంతి, చెక్కగుండు, ఘనము మొదలగు ఆటవస్తువులు, కాగితము మడచుట, అల్లుట, మట్టితో బొమ్మలు చేయుట, ఇవి యక్కడి పాఠములు. ఆట యన్నది చదువునకు విరామము కాదు, ఆటయే చదువని ఆయన మతము. ఆయన యుద్దేశము గొప్పది. కాని కాలక్రమమున ఆ ఆటవస్తువులు పెట్టెలలో నమరి అంగడి సరకులైనవి. పెట్టె కొనగల బడికే ఆట, కొనలేని బడికి బెత్తము అను స్థితి యేర్పడెను. మా మనుమని రాకెట్టునకు ముత్తాత ఆ పెట్టెయేనని నాకు తోచును.

ఆ పెట్టెలలో నొకటి మద్రాసునకు వచ్చి చేరెను. అది కాగితములు మడచు ఆట. చదరపు రంగుకాగితములు రెండువందలు. అది టి. సుందరరావు అను గణితాభిమాని కంట బడెను. కాగితమును మడచుటయే గాని, వృత్తలేఖినియు కొలబద్దయు లేకుండ, త్రిభుజమును, పంచభుజమును, ఇంక నెంతో జటిలమైన రేఖలను తీయవచ్చునని ఆయన కనిపెట్టి, 1893లో మద్రాసున నింగ్లీషు పుస్తకముగా నచ్చొత్తించెను. జర్మనీదేశపు గణితాచార్యుడు ఫెలిక్స్ క్లైన్ దానిని మెచ్చుకొనుటచే, 1901లో అమెరికాలోని చికాగోనుండి మరల అచ్చుపడినది. ఆ పుస్తకమున నాకు మిక్కిలి నచ్చినది యొక చిన్న మాట. రంగుకాగితములో మడత గీత బాగుగా కనబడును గాని, నిజమునకు నడితరపు మందము గల యే కాగితమైనను చాలునని ఆయన చెప్పెను. ఆ మాటతో రెండువందల కాగితముల పెట్టె అక్కఱలేకపోయినది. పెండ్లిపత్రిక చాలును, పాత పంచాంగపు పుట చాలును.

పిల్లలకు కాగితమును గూర్చి చెప్పునప్పుడు దాని పుట్టుక కూడ చెప్పుట మంచిది. క్రీ. శ. 105లో చైనాచక్రవర్తి కొలువులో త్సాయ్ లున్ అను నుద్యోగి కాగితపు పద్ధతిని విన్నవించెనని ఆ దేశచరిత్రలు చెప్పుచున్నవి. ఆయన వాడినవి చెట్టుబెరడు, జనపనార పీచు, చింకిగుడ్డలు, పాత చేపలవలలు. అనగా కాగితము పుట్టుకతోనే పారవేసిన వస్తువు బిడ్డ. ఐరోపావారును పందొమ్మిదవ శతాబ్ది నడుమదాక హెచ్చుగా చింకిగుడ్డలతోనే కాగితము చేసిరి. కొయ్యగుజ్జు తరువాత వచ్చినది.

మన దేశమున ఈ సంగతిని బడిలోనికి మరల తెచ్చినవారు వార్ధావారు. 1934లో గాంధిగారి ప్రేరణచే అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము వార్ధాలో నేర్పడెను. జె. సి. కుమారప్ప దానికి కార్యదర్శి. చిత్తుకాగితములను నానబెట్టి, దంచి, గుజ్జుచేసి, జల్లెడచట్రముతో ఎత్తి, చేతికాగితము చేయుట అక్కడి పరిశ్రమలలో నొకటి. తనకు వచ్చిన జాబుల వెనుకభాగమును, కవరులను విప్పి లోపలి భాగమును గాంధిగారు వ్రాతకు వాడుకొనెడివారని మీరందఱు వినియే యుందురు. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యాసభ జరిగెను. డాక్టరు జాకీర్ హుస్సేన్ అధ్యక్షుడుగా నేర్పడిన సంఘము ఆ డిసెంబరులోనే తన నివేదిక నిచ్చెను. ఏదేని యొక చేతిపనిని నడుమ నుంచి, లెక్కలు, భూగోళము, ప్రకృతిశాస్త్రము దాని చుట్టు నల్లి చెప్పవలెననుట ఆ నివేదిక సారము. దీనికే నయీ తాలీమ్ అని పేరు.

నయీ తాలీమ్ అనగానే తకిలియే జ్ఞాపకము వచ్చును. కాని సేవాగ్రామపు పిల్లలకు పరిసరములు శుభ్రము చేయుటయు, చెత్తను ఎరువుగా మార్చుటయు చదువులోనివే. ఆ కాలమునకు ఎరువును గూర్చి క్రొత్త శాస్త్రము వచ్చియుండెను. సర్ ఆల్బర్ట్ హోవార్డ్ ఇండోరులో నుండి, యశ్వంత్ వాద్ అను రసాయనజ్ఞునితో కలిసి, పొలములోని వ్యర్థములను గూర్చి 1931లో పుస్తకము ప్రకటించెను. అందలి ఇండోరు పద్ధతిని గాంధిగారు 1935లో తమ హరిజన పత్రికలో ప్రచురించిరి. గోతిలో ఆకు, అలము, గడ్డి పొరలుగా పఱచి, పొరపొరకును పేడనీళ్ళు, బూడిద, పశువుల మూత్రముతో తడిసిన మన్ను చల్లి, గాలి తగులునట్లు మూడుమారులు తిరుగవేసినచో, మూడు మాసములలో నల్లని ఎరువగును.

మీలో పెక్కురు కృషీవలులు. ఎరువుగోతిని గూర్చి మీకు నేను చెప్పవలసినది లేదు. కాని తరగతిలోని పిల్లవాని కన్నులతో ఆ గోతిని చూడుడు. కుప్ప వేసిన మూడవనాడో నాలుగవనాడో అందులో నొక ఇనుపకడ్డీ గ్రుచ్చి, కొంతసేపటికి పైకి తీసి పట్టుకొమ్మనిన, పిల్లవాడు చేయి చప్పున వెనుకకు తీసికొనును. నిప్పు లేదు, ఎండ లేదు. ఈ వేడి యెక్కడిది? కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆకును తినుచు పుట్టించిన వేడి యది. అఱువది సెంటీగ్రేడు డిగ్రీలు దాటుటయు కలదు. ప్రక్కనే మఱియొక చిన్నగోతిలో ఒక ఆకు, ఒక అరటితొక్క, ఒక గుడ్డపేలిక, ఒక ప్లాస్టిక్ సంచి పూడ్చి, నెలకొకమారు త్రవ్వి చూపినచో, ఉపన్యాస మక్కఱలేదు. ఆకు మాయమగును, తొక్క మాయమగును, నూలుపేలిక చివుకును. సంచి మాత్రము పూడ్చిననాడు ఎట్లుండెనో అట్లే యుండును. తరగతి మాఱి, బడి మాఱి, ఆ పిల్లవాడు పెండ్లికొడుకైననాడు వచ్చి త్రవ్వినను దాదాపుగా నట్లే యుండును.

నయీ తాలీమ్ బడులు పెక్కుచోట్ల పేరునకే మిగిలినవి. రాట్నము త్రిప్పుటకు మా వానిని బడికి పంపవలెనా యని తల్లిదండ్రు లడిగిరి. చేతిపనికిని పాఠమునకును ముడి వేయగల ఉపాధ్యాయులు చాలినంతమంది దొరకలేదు. ముడి ఊడిన తరువాత రాట్నము రాట్నముగాను, పాఠము పాఠముగాను నిలిచిపోయినవి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులో జరిగినది కూడ చెప్పవలెను గాని, క్లుప్తముగా చెప్పెదను. ఓడలు మునుగుచుండుటచే కాగితము, ఇనుము, ఎముకలు, పాతగుడ్డలు ప్రతిదియు ప్రియమైనవి. స్త్రీల స్వచ్ఛందసేవాసంఘమువారు బడిపిల్లలను చేర్చుకొని, యంత్రములోని చక్రపు పళ్ళు అను అర్థము వచ్చు బిరుదు పేరు పెట్టి, బిళ్ళ లిచ్చి, పాట కట్టి, ఇంటింటికి పంపిరి. పిల్లలు తోపుడుబండ్లతో తిరిగి బండ్లకొలది చెత్త కూడబెట్టిరి. ఉత్సాహమునకు లోటు లేదు. కాని యుద్ధము తీరిన పిమ్మట అక్కఱయు తీరినది, అలవాటును సడలినది. పిల్లలు కూడబెట్టిరే గాని, ఆ వస్తువు వారి చేతిలో మఱియొకటిగా మాఱుట వారు చూడలేదు. నేడు మన బడులలో ఆకుపచ్చబుట్ట, నీలపుబుట్ట పెట్టి ఊరకొనువారును ఈ సంగతి తలచుకొనవలెను. తడిచెత్త, పొడిచెత్త వేఱుచేయుట మిగుల అవసరము. 2016నాటి నిబంధనలు ఇంటింటికి దానిని విధించినవి. కాని బుట్టలో వేయుటతోనే పిల్లవాని యాసక్తియు బుట్టలోనే పడును.

ఇక మన కాలమున, మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో జరిగిన కథ. ఆ జిల్లాను నేడు నర్మదాపురమందురు. 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ గ్రామీణకేంద్రము అను రెండు సంస్థలు కలిసి, ప్రభుత్వపు టనుమతితో పదునాఱు పల్లెటూరి పాఠశాలలలో విజ్ఞానశాస్త్రమును క్రొత్తగా చెప్పుటకు పూనుకొన్నవి. పల్లెటూరి బడిలో ప్రయోగశాల లేదు, గాజుసామాను లేదు. కనుక శాస్త్రమనగా పుస్తకమును వల్లించుటయే. వీరు పల్లెలోనే సామగ్రి వెదకిరి. పువ్వును విప్పి చూచుటకు ఉక్కుసూది లేకున్న తుమ్మముల్లు చాలుననిరి. 1978నాటికి ఈ పద్ధతి ఆ జిల్లా అంతటికిని ప్రాకెను.

ఆ 1978లోనే అరవింద్ గుప్తా అను యువకుడొక డక్కడికి వచ్చెను. కాన్పూరు ఐఐటీలో 1975లో ఇంజనీరు పట్టము పొంది, పూనాలో లారీలు చేయు కర్మాగారములో ఉద్యోగము చేయుచు, ఒక యేడు సెలవు పెట్టి వచ్చినవాడు. పల్లెలో నేమి దొరకునాయని సంతలు తిరిగెను. సైకిలు వాల్వునకు తొడుగు సన్నని రబ్బరు గొట్టము, అగ్గిపుల్లలు, ఈ రెండును ఆయనచేత బడినవి. గొట్టమును చిన్న ముక్కలుగా కోసి, ముక్క రెండు కొనలలోను మందు గీకివేసిన అగ్గిపుల్లలు దూర్చినచో, అటునిటు వంగు కీలు తయారైనది.

కీలు దొరకిన పిమ్మట లెక్కలు దొరకినవి. మూడు పుల్లలు కూర్చిన త్రిభుజము. నాలుగు కూర్చిన చతురస్రము. పిల్లవాడు చతురస్రమును వ్రేలితో నొక్కును, అది ఒరిగిపోవును. అయిదు పుల్లలది యింకను ఒరుగును. త్రిభుజమును నొక్కును, అది కదలదు. ఎంత నొక్కినను కదలదు. ఏల? ఈ ప్రశ్న పుట్టిననాడు పిల్లవాడు ఇంటికి పోయి తలయెత్తి పైకప్పు చూచును. అక్కడ వాసములు కూర్చిన వడ్రంగి త్రిభుజమే వేసియుండును. రైలువంతెన నిండ త్రిభుజములే. తలుపు వ్రేలాడకుండ ఏటవాలుగా కొట్టిన బద్ద కూడ త్రిభుజమే. మన వడ్రంగులకు వేలయేండ్లుగా తెలిసిన రహస్యము అయిదు నిమిషములలో ఎనిమిదేండ్లవానికి తెలిసినది. దానికైన ఖర్చు కొన్ని అగ్గిపుల్లలు.

ఆయన అంతటితో నాగలేదు. పాత వార్తాపత్రికలతో టోపీలు, వాడిపారవేసిన గొట్టములతో పిల్లనగ్రోవులు, తెగిన చెప్పుముక్కలతో ముద్రలు, ఖాళీడబ్బాలతో నీటిపంపులు చేయించెను. ఆయన పుస్తకములు తెలుగుతో సహా పెక్కు భారతీయభాషలలోనికి వచ్చినవి. 2018లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చెను. హోషంగాబాదు కార్యక్రమమును మాత్రము 2002లో ఆ రాష్ట్రప్రభుత్వము నిలిపివేసెను. ముప్పదియేండ్లు నడచిన పని ఒక యుత్తరువుతో ఆగిపోయినది. బడి ఆగినను పుస్తకములు తిరుగుచున్నవి. అది కొంత నయము.

ఆ బొమ్మలను చూచినప్పుడు మీ కొక సంగతి స్ఫురించి యుండును. ఇవి మన మెఱుగనివా? ముంజెలు తినివేసిన తాటిబుఱ్ఱలకు పుల్ల గ్రుచ్చి బండి నడిపితిమి. కొబ్బరాకు చుట్టి బూర యూదితిమి. చింతపిక్కలతో వామనగుంటలాడుచు కూడికలు, తీసివేతలు ఎఱుగకయే నేర్చితిమి. అగ్గిపెట్టెలకు దారము కట్టి మాటాడుకొంటిమి. అప్పుడు లేని దొక్కటే: బూర పొట్టిదైన గొంతు ఏల సన్నబడునో చెప్పినవారు లేరు. బండి వీధిలో నుండెను, పాఠము బడిలో నుండెను. రెంటికి నడుమ గుమ్మము దాటినవారు లేరు. ఆ గుమ్మము దాటించుటకు ఉపాధ్యాయు డొక్కడు చాలడు. తాటిబుఱ్ఱబండి చేయుట నేటి ఉపాధ్యాయులలో చాలమందికి రాదు, మీకు వచ్చును. వారమున కొక్క గంట మీరు బడికి పోయి కూర్చుండుట కెవరడ్డు చెప్పుదురు?

ఒక్క హెచ్చరిక. పారవేసినదెల్ల పిల్లల చేతికి తగినది కాదు. వాడిన బ్యాటరీలు, పగిలిన ట్యూబులైట్లు, మందుసీసాలు, సూదులు, పురుగుమందు డబ్బాలు వారిని ముట్టనీయరాదు. ప్లాస్టిక్ కాల్చి చూపుటయు వలదు. ఆ పొగ విషము.

మా యింటి సంగతి ముగించి సెలవు తీసికొందును. కడితమును గూర్చి చదివిన తరువాత నాకు ఊరకుండ బుద్ధి పుట్టలేదు. వేసవిసెలవులలో మనుమని కూర్చుండబెట్టుకొని, నా పాతపంచె నొకదానిని చింపి, గంజి పెట్టి, బొగ్గు నూఱి పూసితిమి. ఆఱిన తరువాత మడచిన, పూత పెళపెళ రాలిపోయినది. నాకు సిగ్గయినది గాని వానికి పట్టుదల హెచ్చెను. రెండవమారు చింతగింజలు వేయించి, పైతొక్క తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించి, ఆ బంకతో బొగ్గు కలిపి రెండు పూతలు పూసితిమి. ఈమారు నిలిచినది. ఇద్దఱ చేతులును మోచేతులదాక నలుపే. వాడు బలపముతో తన పేరు వ్రాసి, తుడిచి, మరల వ్రాసి, "తాతయ్యా, ఇది ఎప్పటికి అయిపోవును?" అని యడిగెను. అయిపోదంటిని. వాడు నమ్మలేదు. ఆ సాయంకాలమువరకు వ్రాయుచు, తుడుచుచు పరీక్షించుచుండెను.

బడి తెఱచిన పిమ్మట దానిని తీసికొని పోయి తరగతిలో చూపినాడట. మఱునాటి ప్రొద్దున నేను ముఖము కడుగుకొనునంతలో తొమ్మండుగురు పిల్లలు మా యరుగుమీద నుండిరి. అందఱికిని పాతపంచెలు కావలెనట, చింతగింజలు వారే తెచ్చుకొన్నారట. పంచెలు రెండు మాత్రమే మిగిలియుండెను. లోపల మా యింటిది తన నేతచీరలను పెట్టెలో పెట్టి తాళము వేయుచున్న చప్పుడు నాకు వినబడినది.